ట్రక్ క్యాంపర్‌కు (పికప్ ట్రక్కు వెనక అమర్చుకునే చిన్న బస గదికి) ఎంత సోలార్ ప్యానెల్, ఎంత బ్యాటరీ కావాలి?

ఫ్రిజ్, దీపాలు, ఫ్యాను, ఫోన్లకే పరిమితమైతే సాధారణంగా 200 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సరిపోతాయి. ఏసీకి మాత్రం ఇవి ఏ మూలకూ చాలవు.

లెక్క వాడకంతోనే మొదలు కావాలి, ఎందుకంటే బ్యాటరీ రాత్రికీ మబ్బు రోజుకూ దాచిపెట్టే నిల్వ అయితే, ఖర్చయినదాన్ని మర్నాడు పూడ్చవలసినది ప్యానెల్. ఉదాహరణకు, రోజుకు 600 వాట్-అవర్లు వాడేవారికి సుమారు 1,280 వాట్-అవర్లుండే (12 వోల్టులదన్నా అసలు 12.8 వోల్టులు × 100 ఆంపియర్-అవర్లు) ఈ బ్యాటరీ ఎండ లేకున్నా రెండు రోజులు నడిపిస్తుంది. అక్టోబరు నెల అమెరికాలోని అరిజోనాలో రోజుకు దాదాపు 5 గంటల నిండు ఎండ దొరుకుతుందనుకుని, నష్టాలకు 30 శాతం తీసేస్తే 200 వాట్ల ప్యానెల్ 700 వాట్-అవర్లు ఇస్తుంది. చలికాలంలో ఇది బాగా తగ్గుతుంది.

200 వాట్ల ప్యానెల్ పగలంతా 200 వాట్లు ఇస్తుందనుకోవడం చాలామంది పొరపాటు. ఆ అంకె ప్రయోగశాలలో 25 డిగ్రీల సెల్ వేడి వద్ద కొలిచినది. కప్పుపై పడుకోబెట్టిన ప్యానెల్ వేడెక్కుతుంది, ఏటవాలు ఎండలో తక్కువ ఇస్తుంది, రూఫ్ వెంట్ (కప్పుమీది గాలిమార్గపు మూత) నీడ ఒక మూలన పడినా ఉత్పత్తి గణనీయంగా పడిపోవచ్చు. లెడ్-యాసిడ్ బ్యాటరీలోనూ ఇదే తంటా: సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది కనుక, అదే నిల్వకు రెట్టింపు సామర్థ్యం, దానితోపాటు ట్రక్కుపై చాలా అదనపు బరువు తప్పవు.