లావుపాటి ఆవిడకు పేరు పెట్టు

చిరంజీవి కార్తీక్‌కు,

ఆశీస్సులు. నీ కథ అందింది, శ్రద్ధగా చదివాను. రేషన్ డిపో ముందు పొద్దున్నే సంచులు వరుసలో పెట్టి మనుషులు చెట్టు నీడన కూర్చోవడం, సర్వరు పనిచేయడం లేదని డీలరు ఎవరి ముఖమూ చూడకుండా చెప్పడం, వేలిముద్ర పడని ముసలాయన బొటనవేలిని పంచెకు రుద్ది మళ్ళీ మళ్ళీ మిషను మీద పెట్టడం, ఇవన్నీ కళ్ళారా చూసినవాడు రాసిన వాక్యాలు. వాటిలో ఒక్క అక్షరం కూడా మార్చవద్దు. ఈ ఉత్తరం ఆ ముసలాయన వెనక నిలబడ్డ ఆడమనిషి గురించి.

ఆమెకు నువ్వు పేరు పెట్టలేదు. డీలరుకు పేరుంది, బైకు మీద కూర్చుని చూస్తున్న నీ కథానాయకుడికి పేరుంది, అక్కడ తిరిగే కుక్కకు కూడా పేరుంది. ఆమె మాత్రం మొదటినుంచి చివరిదాకా ‘లావుపాటి ఆవిడ’. నైటీ మీద తువ్వాలు కప్పుకుని వస్తుంది, రెండు మెట్లు ఎక్కడానికి ఆయాసపడుతుంది, ఇరవై కిలోల బియ్యం తీసుకుని సందు మలుపులో సైకిలు మీద వచ్చినవాడికి సగం అమ్మేస్తుంది, ఆటో ఎక్కితే ఆటో ఒక పక్కకు ఒరుగుతుంది. ‘నేను కట్టే పన్నంతా ఇక్కడ పేరుకుంటోందన్నమాట’ అని కథానాయకుడు అనుకోవడంతో కథ ముగుస్తుంది. పాఠకుడు అక్కడ నవ్వాలని నీ ఉద్దేశం. చాలామంది నవ్వుతారు కూడా.

ఆమె మీద నువ్వు మోపిన నేరం బియ్యం అమ్ముకోవడం. అందుకు చూపిన సాక్ష్యం మాత్రం ఆమె ఒళ్ళు. ఒంటి ప్రస్తావన ఉన్న వాక్యాలన్నీ కొట్టేసి కథ మళ్ళీ చదువు. నలుగురున్న ఇంటికి నెలకు వచ్చే ఇరవై కిలోల్లో పది కిలోలు, కిలో పది పన్నెండు రూపాయల లెక్కన అమ్ముకుని, ఆ నూరో నూట ఇరవయ్యో గుప్పిట్లో మడిచిపెట్టుకుని వెళ్ళిన ఒక మనిషి మిగులుతుంది. ఆ మనిషిని చూస్తే నవ్వు రాదు. ఎందుకు అమ్మిందా అన్న ప్రశ్న వస్తుంది. కథ మొదలు కావలసింది ఆ ప్రశ్న దగ్గర. ఆ ప్రశ్న పుట్టకుండా నువ్వు ఆమె శరీరాన్ని అడ్డం పెట్టావు.

ఇందుకు నిన్నొక్కడినే తప్పు పట్టను. పేదవాడంటే డొక్కలు ఎండిన మనిషి అని మన కథలు చాలాకాలం నేర్పాయి. లోతుకుపోయిన కళ్ళు, లెక్కపెట్టగలిగేటన్ని పక్కటెముకలు, కాళ్ళు కడుపులో పెట్టుకుని పడుకున్న పిల్లలు. ఆ బొమ్మ ఒకప్పటి నిజం, ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో నిజం. అయితే అదొక్కటే మన తలలో స్థిరపడిపోవడంవల్ల, లావుగా ఉన్న పేద మనిషి ఎదురైనప్పుడు ఆమె పేదరాలు కాదనో, పేదరాలే అయితే సోమరి అనో వెంటనే తీర్మానించేస్తున్నాం. చిక్కి ఉన్నవాళ్ళకు జాలి, ఒళ్ళున్నవాళ్ళకు విచారణ.

లెక్కలు వేరే సంగతి చెబుతున్నాయి. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు, తెలంగాణలో 30.1 శాతం. అదే సర్వేలో అదే వయసు స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. బరువెక్కువా రక్తం తక్కువా రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదేమీ కాదని ఏ ప్రభుత్వాసుపత్రి నర్సును అడిగినా చెబుతుంది. నీ ఆవిడ రెండు మెట్లకే రొప్పింది కదా, ఆ రొప్పు లావువల్లనేనని నీకెవరు చెప్పారు? ఒంట్లో రక్తం లేకపోయినా ఆయాసం అలాగే వస్తుంది.

తిండి సంగతి కూడా తెలుసుకుని రాయాలి. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోల గింజలు 2023 జనవరి నుంచి ఉచితం. మన దగ్గర ఆ గింజలంటే ప్రధానంగా బియ్యమే. బజారులో కందిపప్పు కిలో నూరు రూపాయలు దాటి చాలాకాలమైంది. చేతిలో డబ్బు తగ్గినప్పుడు ఇంట్లో మొదట మానేసేది పాలు, గుడ్లు, పళ్ళు. కాబట్టి కడుపు నిండేది అన్నంతో, కారంతో, పలచటి చారుతో, సాయంత్రం పిల్లలు మారాం చేస్తే బండి మీది బజ్జీలతో. ఆ తిండిలో పిండిపదార్థమూ నూనే తప్ప ఒంటికి బలమిచ్చేది దాదాపు లేదు. పైగా అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది పారేయడానికి మనసొప్పక తినేది ఆ ఇంటి ఆడమనిషే. ఆమెకు నలభై ఏళ్ళకే షుగరు వచ్చిందనుకో. డాక్టరు అన్నం తగ్గించమంటాడు, డిపోలో ఇచ్చేది బియ్యం. అప్పుడు పది కిలోలు అమ్మి, వచ్చిన దానికి ఇంకొంత కలిపి రాగులో జొన్నలో కొనుక్కోవడం నీ కథానాయకుడి పన్నుకు జరిగిన ద్రోహమా? నేనిక్కడ ఊహించినది ఒక కారణం మాత్రమే. మొగుడి తాగుడుకే అమ్మి ఉండవచ్చు, కరెంటు బిల్లుకు అమ్మి ఉండవచ్చు, ఆ బియ్యం దొడ్డుగా ఉన్నాయని నచ్చక కూడా అమ్మి ఉండవచ్చు. ఏదైనా సరే, అది ఆమె నోటివెంట రావాలి.

ఇక లావుకు తిండి ఒక్కటే మూలం కాదు. థైరాయిడ్ మందగించినా ఒళ్ళు వస్తుంది, మోకాళ్ళ నొప్పులకో ఆయాసానికో ఏళ్ళతరబడి స్టెరాయిడ్లు వాడినా వస్తుంది, ఇన్సులిన్ మొదలుపెట్టినా కొందరికి వస్తుంది. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ ముందున్నాయి. ‘ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఒళ్ళు ఆగడం లేదమ్మా’ అనే మాట వినని వీధి ఉందనుకోను. ఇంకా వెనక్కి వెళితే మనిషి పుట్టకముందే ఆ కథ మొదలై ఉండవచ్చు. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం తిండిగింజలు రాకుండా అడ్డుకోవడంతో పశ్చిమ నెదర్లాండ్స్ కరువు పాలైంది. ఆ కరువులో తల్లి కడుపులో తొలి నెలలు గడిపిన మగపిల్లలు పందొమ్మిదేళ్ళ వయసులో సైనిక పరీక్షలకు వచ్చినప్పుడు, వారిలో స్థూలకాయులు మిగతావారిలో కన్నా ఎక్కువగా ఉన్నారని 1976లో పరిశోధకులు ప్రకటించారు. తల్లి పడిన ఆకలి బిడ్డ ఒంటి మీద కొవ్వుగా తేలగలదన్నమాట. కథలు రాసేవాడికి ఇంతకన్నా మంచి ముడిసరుకు ఏం కావాలి? నువ్వేమో ఆటో ఒరిగిందని రాసి తృప్తిపడ్డావు.

నీ కథలో నువ్వే వదిలేసిన ఆధారం ఒకటి ఉంది, దాన్ని నువ్వు గమనించావో లేదో. రెండో పేజీలో కథానాయకుడి ఇంజనీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పూర్తయిందని, ఆదాయ ధ్రువపత్రం కోసం వాళ్ళ నాన్న ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగాడని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయావు. ఆ నాలుగేళ్ళ ఫీజూ ఎవరి పన్నులోంచి వచ్చింది? అతను దాన్ని హక్కుగా గుర్తుపెట్టుకున్నాడు, ఆమె ఇరవై కిలోలను దానంగా లెక్కగట్టాడు. తేడా ఎక్కడుందో ఆలోచించు. ఫీజు కాలేజీ ఖాతాలో నిశ్శబ్దంగా పడింది. బియ్యం కోసం ఆమె నలుగురి మధ్య నిలబడి వేలు పెట్టవలసి వచ్చింది. పదెకరాల రైతుకు యూరియా బస్తా మీద అందే రాయితీ కూడా ఇలాగే సంచి ధరలో కలిసిపోయి ఎవరి కంటికీ ఆనదు. సర్కారు సాయం కళ్ళెదుట, చేతి సంచిలో కనిపించేవాళ్ళనే మనం తూచి చూస్తాం. నీ కథకు అసలైన మలుపు ఆ రెండో పేజీలోనే ఉంది. నిన్ను నేను మార్చి రాయమంటున్నదీ అక్కడే.

ఈ తూచి చూడడం ఇవాళ్టిది కాదు. 1876-78 కరువులో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు మాడిపోతుంటే, సాయం సులభంగా దొరికితే జనం పని మానేస్తారని భయపడిన వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని ఇటు పంపింది. రోజంతా మట్టి మోసే మనిషికి ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి డబ్బు చాలునని ఆయన తేల్చాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. ప్రజారోగ్యం చూసే మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ కొలత మనుషులను చంపుతుందని గట్టిగా వాదించాడు. తర్వాత కొంత పెంచారు. నూరేళ్ళు దాటాక 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు, ఇక కూలీలు దొరకరని అరుగుల మీద కూర్చున్నవాళ్ళు వాపోయారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడూ ఆ మాటే. కరువు పనికి వెళ్ళి ఎండలో గుంత తవ్వి, కొలత తగ్గితే కూలి తగ్గించుకుని ఇంటికి వచ్చేవాళ్ళను ‘ఊరికే కూర్చోబెట్టి డబ్బులిస్తున్నారు’ అనడం నేను చాలామంది చదువుకున్నవాళ్ళ నోట విన్నాను. నీ కథానాయకుడి చివరి వాక్యం ఆ పాత మాటకు కొత్త ముద్రణ. కొత్త రచయిత పాత మాట రాయకూడదని కాదు, అది పాతదని తెలిసి రాయాలి.

ఇప్పుడు పనితనం సంగతి. నీ కథానాయకుడు ఆమెను అసహ్యించుకోవచ్చు. అలాంటి మనిషి లోకంలో ఉన్నాడు, అతణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్టు రాయడం నీ హక్కు. చిక్కేమిటంటే, అతని చూపుకూ కథ చెప్పేవాడి చూపుకూ మధ్య నువ్వు సందు ఉంచలేదు. ఆటో ఒరిగిందని చెప్పింది కథానాయకుడు కాదు, నువ్వు. ఆమె రొప్పును ‘ఆవులించే కొలిమితిత్తి’తో పోల్చింది కూడా నువ్వే. పాత్ర నోట పలికిన అసహ్యం ఆ పాత్రను బయటపెడుతుంది. కథకుడి వాక్యంలో దూరిన అసహ్యం పాఠకుడికి అంటుకుంటుంది. ఆ పోలికలను అతని ఆలోచనల్లోకి మార్చు, లేదా తీసెయ్యి.

ఇంకో ప్రమాదం ఉంది, నా ఉత్తరం చదివాక నువ్వు అందులో పడతావేమోనని ముందే చెబుతున్నాను. ఆమెను దేవతను చెయ్యవద్దు. నెలకో పూట పస్తుండి పక్కింటి అనాథకు పెట్టే మహాతల్లిగా మార్చి, కథానాయకుడి చేత కళ్ళు తుడిపిస్తే అదీ ఆమెను తూచడమే అవుతుంది. సాయం అందుకోవడానికి మంచితనం అర్హత కానక్కర్లేదు. ఆమె నోరు జారే మనిషి కావచ్చు, టీవీ సీరియల్ కోసం కూర అడుగంటించే మనిషి కావచ్చు, డీలరుతో తూకం దగ్గర తగువు పెట్టుకుని గెలిచే మనిషి కావచ్చు. మా వీధి మలుపులో ఇడ్లీ బండి పెట్టే ఆవిడ మంచి ఒళ్ళున్న మనిషి. తెల్లవారుజామున మూడున్నరకు ఆమె గ్రైండరు మొదలవుతుంది. ఇడ్లీ రేకులోంచి వేడి ఇడ్లీని తడిచేత్తో ఒక్క విసురులో ఆకులోకి తీస్తుంది. వేలు కాలదా అని అడిగితే, ‘కాలే చర్మం ఎప్పుడో పోయింది’ అంటుంది. ఆ వేలే నెలనెలా డిపోలో మిషనుకు ఆనదు. చిల్లర లేదన్నవాణ్ణి ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

అక్రమం లేదని నేననడం లేదు. రేషన్ బియ్యం చేతులు మారి, మిల్లుకు వెళ్ళి, మళ్ళీ పాలిష్ పట్టి సంచుల్లోకి ఎక్కుతున్న మాట నిజం. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడ దాకా వెళ్ళిన బియ్యం గురించి పత్రికలన్నీ రాశాయి. దాని మీద కోపం వస్తే ఆ కోపంతోనే కథ రాయి. నీ సందు మలుపులో సైకిలు మీద వచ్చినవాడు ఆ పది కిలోలను ఎక్కడ దించుతాడు, అక్కడ ఎవరు తూస్తారు, ఎవరు లారీ పంపుతారు అన్నది వెతుక్కుంటూ వెళితే నీకు ఒక నవల దొరకవచ్చు. ఆ దారంతటిలో నూట ఇరవై రూపాయలు మాత్రమే దక్కిన మనిషిని పట్టుకుని, ఆమె నడుము కొలతతో ఆగిపోయావు.

చివరగా వివరాల్లో రెండు సవరణలు. కథ ఇప్పటి ఆంధ్రలో జరిగితే ‘తెల్లకార్డు’ అని జనం నోట అనిపించు గాని కథకుడి వాక్యంలో ‘రైస్ కార్డు’ అను. వరుస ఇరవయ్యో తేదీన ఉన్నట్టు రాశావు. 2025 జూన్‌లో ఇంటింటికీ తిరిగే బండ్లు ఆపి సరుకులు మళ్ళీ డిపోల్లో ఇస్తున్నప్పటినుంచి పంపిణీ ఒకటో తేదీనుంచి పదిహేను వరకే. తేదీ మార్చు. ఆమె పేరు ఏదని తేల్చుకున్నాక మార్చిన ప్రతి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో.