చరిత్రలో మీ ప్రశ్నలు: ఐర్లండ్ హీరోలు, విలన్లు

ప్రశ్న: ఐరిష్ వాళ్లు కూడా ఇంగ్లీషు వాళ్ల కింద నలిగినవాళ్లే కదా. మరి జలియన్‌వాలా బాగ్ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ ఓడ్వయర్ ఐరిష్ వాడేనని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నిజమేనాండీ? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: నిజమేనమ్మా. మైకేల్ ఓడ్వయర్‌ది ఐర్లండ్‌లోని టిప్పరరీ, పైగా క్యాథలిక్ కుటుంబం. డయ్యర్ కాల్పుల్ని వెనకేసుకొచ్చాడు, పదవి పోయాక కూడా సమర్థిస్తూనే ఉన్నాడు, చివరికి 1940లో లండన్‌లో ఉధమ్ సింగ్ చేతిలో పోయాడు. మన దేశంలో తెల్లదొరల పాలన నడిపినవాళ్లలో ఐరిష్ వాళ్లు బోలెడుమంది.

కానీ మీ అబ్బాయికి ఇంకో పేరు కూడా చెప్పండి, జేమ్స్ డేలీ. జలియన్‌వాలా బాగ్ జరిగిన మరుసటి ఏడాదే, 1920 జూన్ 28న, అమృత్‌సర్‌కి ఎంతో దూరం లేని జలంధర్‌లో కన్నాట్ రేంజర్స్ అనే ఐరిష్ పటాలం డ్యూటీ చెయ్యమని మొండికేసింది. ఇంటి దగ్గర బ్లాక్ అండ్ టాన్స్ అనే పోలీసులు చేస్తున్న ఆగడాలు తెలిసి వాళ్ల రక్తం ఉడికింది. బజార్లో గుడ్డలు కొని ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల ఐరిష్ జెండా కుట్టించి ఎగరేశారు. గొడవ సోలన్‌కి పాకింది, అక్కడ డేలీ ముందుండి ఆయుధాగారం మీదికి వెళ్తే కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. చాలామందికి మరణశిక్ష వేసి, అమలు చేసింది మాత్రం డేలీ ఒక్కడికే, నవంబర్ 2న దగ్‌షాయి జైల్లో. ఇరవై దాటీ దాటని కుర్రాడు! అస్థికలు సొంతూరు చేరింది 1970లో. ఇతన్ని మన కోసం ప్రాణమిచ్చినవాడిగా కొందరు రాస్తుంటారు, అది మాత్రం అతి. అతను తిరగబడింది ఐర్లండ్ కోసం.

ప్రశ్న: కాలిన్స్ కరెక్టా, డివలేరా కరెక్టా? సూటిగా చెప్పండి. (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ఇద్దరూ ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాట నాయకులే, నా ఓటు మాత్రం కాలిన్స్‌కే. 1921లో బ్రిటన్ ప్రభుత్వంతో లండన్ చర్చలకి డివలేరా తను వెళ్లకుండా కాలిన్స్‌నీ గ్రిఫిత్‌నీ పంపి, వాళ్లు పూర్తి స్వాతంత్ర్యం ఇవ్వని, బ్రిటన్ రాజుకి విధేయత ప్రమాణం చెయ్యమన్న ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చాక మండిపడ్డాడు. ఐర్లండ్ పార్లమెంటులో 64-57తో అది నెగ్గింది, ఆపైన ఒప్పందం కావాలన్నవాళ్లకీ వద్దన్నవాళ్లకీ అంతర్యుద్ధం, 1922 ఆగస్టులో 31 ఏళ్లకే కాలిన్స్ హత్య. అదే డివలేరా 1927లో, తను అంతగా తిట్టిన రాజవిధేయత ప్రమాణం పుస్తకంలోనే సంతకం పెట్టి, ఇదంతా ఉత్త లాంఛనం అంటూ సభలోకి వెళ్లాడు! అలాగని కాలిన్స్ పక్షం కడిగిన ముత్యం కాదు. ఆయన పోయాక 1922 డిసెంబర్ 8న ప్రభుత్వం విచారణ లేకుండా ఒప్పందాన్ని ఎదిరించిన నలుగురు ఖైదీల్ని కాల్చి చంపింది. వాళ్లలో రోరీ ఓకానర్ ఒకడు. ఆ నిర్ణయానికి సరేనన్న మంత్రుల్లో కెవిన్ ఓహిగిన్స్ ఉన్నాడు, అంతకు ముందు ఏడాదే అతని పెళ్లికి తోడుపెళ్లికొడుకు ఆ ఓకానరే.

ప్రశ్న: ఆ రోజుల్లో డబ్లిన్‌లో మనవాళ్లెవరైనా ఉన్నారా? (పాఠకుడు, విజయనగరం)

జవాబు: ఎందుకు లేరు, మన వి.వి.గిరి గారే! 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లి, అక్కడి జాతీయవాదులతో కలిసి తిరిగి, ఇంగ్లీషు పాలన మీద డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లోనే వెనక్కి వచ్చేశారు.