టీకాలో పాదరసం ఉందట, రెండో బాబుకు మానేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. పెద్దబాబుకు మూడేళ్లు. మాటలు రాలేదని చూపిస్తే ఆటిజం అన్నారు. చిన్నవాడికి ఇప్పుడు పది వారాలు. ఆరో వారంలో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) వేయించాం. అందులో పాదరసం ఉంటుందని, దానివల్లే పిల్లలకు ఆటిజం వస్తోందని వాట్సాప్‌లో చూశాను. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూడా అక్కడ ఎప్పుడో తీసేశారని చెప్పింది. రెండో డోసు వేయించాలంటే టెన్షన్‌గా ఉంది. మానేయమంటారా?
- ఒక తల్లి

జవాబు: మానొద్దమ్మా. ఈ వారమే వేయించండి. పెద్దబాబుకు ఆటిజం రావడానికి టీకా కారణం కాదు. మీరు దగ్గరుండి వేయించారు కాబట్టి తప్పు మీదేనన్న బాధ ఉంటే దాన్ని ముందు వదిలేయండి.

మీరు విన్నది పూర్తిగా కల్పితం కాదు. పెంటావాలెంట్ పది డోసుల సీసాలో వస్తుంది. ఏఎన్ఎం టీకా వేసేటప్పుడు గమనించండి. ఒక్కో బిడ్డకూ కొత్త సిరంజి తీస్తారు, కానీ సూది దిగేది అదే సీసా రబ్బరు మూతలోకి. మిగిలిన మందును, సీసా మీద తెరిచిన తేదీ రాసి, చల్లగా ఉంచి 28 రోజుల వరకు వాడతారు. ఈలోగా అందులో క్రిములు పెరగకుండా థయోమెర్సల్ అనే ప్రిజర్వేటివ్ కలుపుతారు. అలాంటిది లేకపోవడం వల్లే 1928లో ఆస్ట్రేలియాలోని బండబర్గ్‌లో డిఫ్తీరియా టీకా సీసాలో బ్యాక్టీరియా పెరిగి, ఆ టీకా వేయించుకున్న 12 మంది పిల్లలు చనిపోయారు.

థయోమెర్సల్‌లో ఉండేది ఇథైల్ మెర్క్యురీ అనే రకం పాదరసం. డోసుకు పాదరసం 25 మైక్రోగ్రాములకు మించదు. జపాన్‌లోని మినమాటాలో చేపల ద్వారా జనాన్ని దెబ్బతీసింది మిథైల్ మెర్క్యురీ అనే వేరే రకం. అది రక్తంలో సగానికి తగ్గడానికి నెలన్నర పడుతుంది. ఇథైల్ మెర్క్యురీ పసిపిల్లల్లో వారంలోపే సగానికి తగ్గి, మలంతో పాటు బయటికి పోతుంది.

మీ ఆడపడుచు చెప్పిందీ నిజమే. 1999లో అమెరికాలో ముందుజాగ్రత్తగా దీన్ని తీసేయమన్నారు. 2001 నాటికి కొన్ని ఫ్లూ టీకాల్లో తప్ప చిన్నపిల్లల టీకాల్లో లేకుండా చేశారు. ఇదే కారణమైతే ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో ఆటిజం తగ్గాలి కదా? తగ్గలేదు. కాలిఫోర్నియాలో లెక్కలు తీస్తే కేసులు పెరుగుతూనే వచ్చాయి. డెన్మార్క్ అయితే 1992లోనే మానేసింది. అక్కడా పెరిగాయి. అక్కడే థయోమెర్సల్ ఉన్న టీకా, లేని టీకా వేయించుకున్న 4 లక్షలకు పైగా పిల్లలను పోల్చి చూసినా ఆటిజంలో తేడా కనబడలేదు. నాకు ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడేది ఎక్కువగా ఏడాది, ఏడాదిన్నర వయసులో. టీకాలూ ఆ రోజుల్లోనే పడతాయి. అందుకే రెంటికీ ముడిపడినట్టు అనిపిస్తుంది.

ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రిజర్వేటివ్ లేని ఒక్క డోసు టీకాలు దొరుకుతాయి. వేయించుకుంటే తప్పు లేదు గానీ, ఈ భయంతో వేలు పోయొద్దు. ఆ డబ్బు పెద్దబాబు స్పీచ్ థెరపీకి పెట్టండి. ఒంట్లో పాదరసం తీసేస్తామంటూ కీలేషన్ చేస్తామనే వాళ్ల దగ్గరికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు ఆ చికిత్స వల్లే ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇక చిన్నవాడి సంగతి. అన్నకు ఆటిజం ఉంటే తమ్ముడికి వచ్చే అవకాశం మిగతా పిల్లల కన్నా ఎక్కువే, సుమారు ఐదుగురిలో ఒకరికి. దీనికి ప్రధాన కారణం జన్యువులు. టీకా మానేస్తే ఈ రిస్క్ రవ్వంత కూడా తగ్గదు. పైగా ఈ టీకా అడ్డుకునే కోరింత దగ్గుకు బిడ్డను వదిలేసినట్టవుతుంది. ఆరు నెలల్లోపు పిల్లలకు ఆ దగ్గు ప్రాణాంతకం కావచ్చు.

మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడా, కళ్లలోకి చూసి నవ్వుతున్నాడా, పదహారు నెలలకు ఒక్క మాటైనా వచ్చిందా? అనుమానం వస్తే 'మగపిల్లలకు మాటలు లేటుగా వస్తాయిలే' అని ఎవరన్నా ఆగొద్దు. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించే డీఈఐసీ సెంటర్లో ఉచితంగా పరీక్షిస్తారు. పెద్దబాబుకు థెరపీ ఇంకా మొదలుపెట్టకపోతే అక్కడే అడగండి. సికింద్రాబాద్‌లో మానసిక ఎదుగుదల లోపాలున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి కూడా తీసుకెళ్లొచ్చు.

మొదటి డోసు తర్వాత చిన్నవాడికి ఫిట్స్ గానీ, ఒళ్లంతా దద్దుర్లతో ఆయాసం గానీ వచ్చి ఉంటే టీకాకు ముందే డాక్టరుకు చెప్పండి. ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు వచ్చి తగ్గినంత మాత్రాన రెండో డోసు ఆపక్కర్లేదు.