జిప్సీకి అలైన్‌మెంట్ కుదరట్లేదా? ముందు ‘ప్లే’ చూడండి

ప్రశ్న: ఆర్మీ వేలంలో వచ్చిన పాత మారుతి జిప్సీ కొన్నాను. ముందు టైర్లు రెండూ బయటి అంచునే అరుగుతున్నాయి, 60 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. అలైన్‌మెంట్ షాపులో క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలడం) తేడా ఉంది, యాక్సిల్ వేడి చేసి వంచాలన్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: వద్దండి, దయచేసి ఆ పని చేయించకండి. వేడి తగిలిన యాక్సిల్ బలం పోతుంది, అది మీ ప్రాణాలతో పని.

జిప్సీ ముందు యాక్సిల్ ఎడ్లబండి ఇరుసులాగా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే. కార్లలోలాగా క్యాంబర్ సెట్ చేసే బోల్టులు దీనికి ఉండవు, మామూలుగా మనం మార్చగలిగేది టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే. రెండు టైర్లూ ఒకేలా బయటి అంచున అరుగుతున్నాయంటే నా అనుమానం టో-ఇన్, అంటే ముందు అంచులు లోపలికి తిరగడం, ఎక్కువైందనే.

కానీ ముందు ప్లే, అంటే భాగాల్లో వదులు, చూడండి. చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి: ఊగుడు ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్) బేరింగ్. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు ఊగితే టై రాడ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్) ఎండ్‌లు చూడండి. 60 దగ్గర వణుకు చాలాసార్లు ఇక్కడినుంచే వస్తుంది (వీల్ బ్యాలెన్సింగ్ కూడా ఒకసారి చూపించండి), ఇవి బాగుచేయకుండా ఏ మెషిన్ మీద పెట్టినా డబ్బు దండగే.

ఆ తర్వాత టో మీరే ఇంట్లో సెట్ చేసుకోవచ్చు. చదును నేల, రెండు టైర్లలో ఒకే గాలి. లేపిన చక్రాన్ని తిప్పుతూ టైరు మధ్యలో మేకుతో సన్నటి గీత గీయండి, రెండో దానికీ అంతే. బండి దించి, స్టీరింగ్ నేరుగా పెట్టి, కొన్ని అడుగులు ముందుకు తోసి ఆపండి. ఇప్పుడు హబ్ (చక్రం మధ్యభాగం) ఎత్తులో, టైర్ల ముందువైపు ఆ రెండు గీతల మధ్య దూరం కొలిచి, అక్కడే చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి, ఆ గుర్తులు టైర్ల వెనకవైపు అదే ఎత్తుకి వచ్చేదాకా బండిని ముందుకే తోసి మళ్ళీ కొలవండి. వెనక కొలత కంటే ముందు కొలత 3-4 మిల్లీమీటర్లు తక్కువ ఉంటే చాలు. తేడా ఎక్కువుంటే టై రాడ్ లాక్ నట్లు రెండూ వదులు చేసి (ఒకటి ఎడమ మర, అంటే మామూలు నట్టుకి ఎదురు దిక్కులో వదులవుతుంది, ఎటు తిప్పుతున్నారో చూసుకోండి) రాడ్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ బండిని ముందుకు తోసి కొలవండి.

ఇదంతా అయ్యాక స్టీరింగ్ వీల్ వంకరగా నిలిస్తే టై రాడ్ జోలికి మళ్ళీ పోవద్దు, అది డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్ళే రాడ్) దగ్గర సరిచేయాలి. పాత యజమాని బండి ఎత్తు పెంచడానికి పొడవు షాకిల్స్ (స్ప్రింగును ఛాసిస్‌కి కలిపే లింకులు) వేశారేమో కూడా చూడండి. వేసి ఉంటే క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే కింగ్‌పిన్ పైభాగం వెనక్కి వాలడం) తగ్గుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ దానంతట అది తిరిగి రాదు. అప్పుడు స్ప్రింగుకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు షిమ్ములు (సందులో పెట్టే లోహపు ముక్కలు) వేయించాలి.