పడవా, నీళ్లలో దాని నీడా రెండూ బాగా రావాలంటే?
రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తీసిన ఫోటోల్లో పడవ నీడ చెదిరిపోతోంది, ఆకాశం తెల్లగా వెలిసిపోతోంది అన్నారు కదా, ముందు టైమ్ మార్చండి. పొద్దున్నే గాలి లేవకముందు నీళ్లు అద్దంలా ఉంటాయి, పైగా అక్కడ గోదావరి మనకి పడమరన ఉంటుంది కాబట్టి ఎండ మీ వెనక నుంచి వచ్చి నేరుగా పడవ రంగుల మీద పడుతుంది. సాయంత్రమైతే ఎదురెండ, పడవ నల్లటి ఆకారంగానే వస్తుంది, అదీ అందమే. పైమెట్ల మీద నిలబడి తీయొద్దు. కింది మెట్టు మీద కూర్చుని కెమెరా నీటికి జానెడు ఎత్తులో పట్టుకుంటే ప్రతిబింబం చిక్కగా, నిండుగా కనిపిస్తుంది, కానీ పడవ మొన నీడ ఫ్రేమ్ అంచున తెగకుండా చూసుకోండి, నాకైతే అది తెగితే ఫోటో మొత్తం పోయినట్టే. ఫోన్‌లో ఆకాశం మీద నొక్కి వెలుతురు కాస్త తగ్గించండి. పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టి తిప్పే, నీటి మీది మెరుపు తగ్గించే ఫిల్టర్) వాడితే పూర్తిగా తిప్పొద్దు, నీడనే తినేస్తుంది.