వియారెజ్జో కార్నివాల్‌లో కాగితపు శకటాలు

ప్రశ్న: తిరుపతి గంగ జాతర వేషాలు చూస్తూ పెరిగిన మా పిల్లలు, ఇటలీలోని వియారెజ్జో కార్నివాల్ ప్రత్యేకత ఏమిటని అడుగుతున్నారు. చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఇటలీలోని తస్కనీ ప్రాంతపు సముద్రతీరాన 1873లో మొదలైన ఈ వేడుక, ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలను బట్టి, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. అసలు చూడవలసినవి అక్కడి శకటాలేనమ్మా! మట్టితో ముఖాన్ని మలచి, దాని మీద తీసిన ప్లాస్టర్ అచ్చులో పాత వార్తాపత్రికల ముక్కలను, మనం గోడపత్రికలకు పూసే మైదా జిగురు వంటి దానితోనే, పొరలు పొరలుగా అతికించి, ఆరిన తర్వాత ఊడదీస్తారు. లోపల డొల్లగా, ఎంతో తేలికగా ఉంటుంది గనుకనే, మేడలంత ఎత్తైన బొమ్మలు సైతం కళ్లు తిప్పుతూ, చేతులు ఊపుతూ సముద్రపు ఒడ్డు వెంట సాగుతాయి. పిల్లలు కూడా వేషాలు వేసుకుని, రంగు కాగితపు తునకలు చల్లుకుంటూ వాటి వెంట నడుస్తారు.