సబ్‌స్టేషన్ దగ్గర్లోనే ఉన్నా వోల్టేజీ ఎందుకు పడిపోతుంది?

నమస్కారమండి. సబ్‌స్టేషన్ కిలోమీటరు దూరంలోనే ఉన్నా, పొలాల్లో మోటార్లు నడిచే వేళ మీ ఇంట్లో వోల్టేజీ 170కి పడిపోతోందనీ, సబ్‌స్టేషన్ సామర్థ్యం పెంచితే బాగుపడుతుందా అనీ అడిగారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, లోపం అక్కడ కంటే మీ వీధి లైనులో ఉండే అవకాశమే ఎక్కువ.

గ్రామీణ సబ్‌స్టేషన్ సాధారణంగా 33 కిలోవోల్టుల విద్యుత్తును 11 కిలోవోల్టులకు దించి, ఫీడర్లుగా, అంటే వేర్వేరు లైన్లుగా, విడదీసి ఊళ్లకు పంపుతుంది. ఇళ్లకు వచ్చే 415 వోల్టుల త్రీఫేజు సరఫరా (అందులో ఒక్కో ఫేజు నుంచి ఇంటికి అందేది సుమారు 230 వోల్టులు) మాత్రం ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే తయారవుతుంది. అంతే విద్యుత్తును 11 కిలోవోల్టులకు బదులు 415 వోల్టుల వద్ద పంపాలంటే సుమారు 26 రెట్లు ఎక్కువ కరెంటు పారాలి; తీగలో నష్టం కరెంటు వర్గాన్ని (కరెంటు × కరెంటు) బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగలో అది దాదాపు 700 రెట్లవుతుంది. కరెంటు పెరిగేకొద్దీ తీగ పొడవునా వోల్టేజీ కూడా పడిపోతుంది. సన్నని తీగతో సాగదీసిన లైను చివర, మోటారు వేయగానే బల్బు మసకబారేది ఇందుకే.

మోటార్లు నడుస్తుండగానే ట్రాన్స్‌ఫార్మరు వద్దా, మీ మీటరు వద్దా ఒకే సమయంలో లైన్‌మన్ చేత వోల్టేజీ కొలిపించండి; దయచేసి మీరు స్వయంగా ట్రాన్స్‌ఫార్మరు జోలికి వెళ్లవద్దు. అక్కడ 230 ఉండి మీ దగ్గర 170 ఉంటే, వదులైన జాయింట్లు సరిచేసి లావు తీగ వేయించాలి, లేదా 11 కిలోవోల్టుల లైనునే మోటార్ల దగ్గరికి తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టించాలి. రెండో మార్గమే మేలని నా అభిప్రాయం. ట్రాన్స్‌ఫార్మరు వద్దే మూడు ఫేజుల్లోనూ తక్కువగా ఉంటే, అప్పుడు ఫీడరుపై భారాన్నీ, సబ్‌స్టేషన్‌లోని ట్యాప్ ఛేంజరునూ (అక్కడి ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చే వోల్టేజీని సర్దే పరికరం) పరిశీలించమని అడగవచ్చు.